ఫ్లోరైడ్ మందా, విషమా? పేస్ట్ ట్యూబ్ నుంచి పచ్చిపులుసు దాకా ఒకే లెక్క

ఈ ఎపిసోడ్‌లో ఫ్లోరైడ్ గురించి మాట్లాడుకుందాం.

మీ ఫోన్‌లోకి ఈ మూడు మాటలు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటాయి. ఒకటి, "టూత్‌పేస్ట్‌లో ఫ్లోరైడ్ ఉంది, అది విషం, వెంటనే పారేయండి" అని వాట్సాప్ ఫార్వర్డ్. రెండు, "పళ్లు పుచ్చిపోకుండా ఉండాలంటే ఫ్లోరైడ్ ఉన్న పేస్టే వాడండి" అని పళ్ల డాక్టర్ రీల్. మూడు, ఇంట్లో పెద్దవాళ్ల మాట: "నల్లగొండలో కాళ్లు వంకర పోయింది ఆ ఫ్లోరైడ్ తోనే కదరా."

ఈ మూడింట్లో ఏది నిజం? డాక్టర్ చెప్పింది నిజమే. పెద్దవాళ్లు చెప్పిందీ నిజమే. ఫార్వర్డ్‌లో కూడా ఒక ముక్క నిజం ఉంది, కానీ అసలు విషయం ఎగిరిపోయింది. అదేంటంటే, ఎంత? రోజుకు ఎన్ని మిల్లీగ్రాములు? ఏ వయసులో? ఆ లెక్క మీ చేతిలో పెట్టడమే నా పని.

మాది మాచారెడ్డి. తెలియని వాళ్ల కోసం చెప్తున్నా, కామారెడ్డి జిల్లాలో ఒక మండలం. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా నిజామాబాద్ జిల్లాలో ఉన్నాం. మా దిక్కు పొలాలకు బోరే ఆధారం. బోరు వేస్తుంటే చూసిన వాళ్లకు తెలుసు, మట్టి కొంచెమే వస్తుంది, ఆ తర్వాత అంతా తెల్లటి రాతి పొడి. గ్రానైట్ అన్నమాట. ఫ్లోరైడ్ కథ ఆ రాతిలోనే మొదలవుతుంది.

ముందు పేర్లు సరిచేసుకుందాం, ఎందుకంటే సగం గందరగోళం పేర్లలోనే ఉంది. ఫ్లోరిన్ అనేది ఒక మూలకం, పరమాణు సంఖ్య 9. విడిగా ఉంటే లేత పసుపు రంగు గ్యాస్, చాలా ప్రమాదకరం. మూలకాలన్నింట్లో ఎలక్ట్రాన్‌ను గట్టిగా గుంజుకునేది ఇదే. అందుకే ప్రకృతిలో అది ఒంటరిగా దాదాపు దొరకదు. ఎవరి దగ్గరో ఒక ఎలక్ట్రాన్ లాగేసుకుని, నెగటివ్ చార్జ్‌తో శాంతంగా కూర్చుంటుంది. అలా కూర్చున్న రూపమే ఫ్లోరైడ్. నీళ్లలో ఉండేది, పేస్ట్‌లో ఉండేది ఇదే. ఇక ఫ్లోరోసిస్ అనేది జబ్బు పేరు, ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎక్కువైతే వచ్చేది. నాన్‌స్టిక్ పెనం మీద ఉండే పూత ఇంకో సంగతి. అందులో ఫ్లోరిన్ కార్బన్‌కు గట్టిగా అతుక్కుని ఉంటుంది, నీళ్లలో కరిగే ఫ్లోరైడ్ కాదు. దాన్ని దీనితో కలపకండి.

ఇప్పుడు రాతి దగ్గరకు వద్దాం. గ్రానైట్‌లో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ అనే ఖనిజాలుంటాయి. బయోటైట్ అంటే రాతిలో నల్లగా మెరిసే రేకులు, మీరు చూసే ఉంటారు. వీటిలో ఫ్లోరైడ్ దాక్కుని ఉంటుంది. వాన నీరు రాతి పగుళ్లలోకి దిగి, ఏళ్లకేళ్లు అక్కడే నిలిస్తే ఆ ఫ్లోరైడ్ నెమ్మదిగా కరుగుతుంది. ఇక్కడ కాల్షియం కాపలాదారు. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని కాల్షియం ఫ్లోరైడ్‌గా మార్చి కింద కూర్చోబెడుతుంది. కాల్షియం తక్కువగా ఉండి, బైకార్బొనేట్ ఎక్కువున్న నీళ్లయితే ఆ కాపలా ఉండదు, ఫ్లోరైడ్ పెరుగుతుంది. తెలంగాణలో చాలా చోట్ల బోరు నీటి పరిస్థితి ఇదే. ఊరంతా ఒకేలా ఉండదు కూడా. ఒక బోరులో 0.8 ఉంటే, ఫర్లాంగు దూరంలో ఇంకో బోరులో 2 దాటొచ్చు. పగులు ఏ రాతిలోంచి వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

0.8 అంటే ఏంటి అంటారా? లీటరు నీళ్లలో 0.8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ అని. మన దేశంలో తాగునీటి ప్రమాణం, బీఐఎస్ వాళ్లది, ఐఎస్ 10500 అంటారు. దాని ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది. వేరే దారి లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత కూడా 1.5 దగ్గరే ఉంది. ఈ రెండు నంబర్లు గుర్తుపెట్టుకోండి: 1, 1.5.

సరే, నీళ్లు తాగాం. లోపల ఏమవుతుంది? కడుపులో యాసిడ్ ఉంటుంది కదా. అక్కడ ఫ్లోరైడ్ ఒక హైడ్రోజన్‌ను జత చేసుకుని హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది. చార్జ్ ఉన్నప్పుడు కణం గోడ దాటలేనిది, ఈ రూపంలో సులువుగా దాటేస్తుంది. ఖాళీ కడుపుతో నీళ్లలో తాగిన ఫ్లోరైడ్‌లో చాలా భాగం రక్తంలోకి వెళ్లిపోతుంది. అదే పాలు, పెరుగు లాంటి కాల్షియం ఉన్న తిండితో కలిస్తే కొంత భాగాన్ని కాల్షియం పట్టేసుకుంటుంది, అది మలంలో పోతుంది. రాతిలో కాపలా ఉన్న కాల్షియమే పేగులోనూ కాపలా ఉంటుంది, చూశారా.

రక్తంలోకి వచ్చిన ఫ్లోరైడ్‌కు రెండే పెద్ద దారులు: కిడ్నీలు బయటకు పంపాలి, లేదంటే ఎముక పట్టుకోవాలి. శరీరంలో నిలిచే ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. పెద్దవాళ్లలో సుమారు సగం మూత్రంలో పోతుంది. ఎదిగే పిల్లల్లో ఎముక కట్టుకుంటూ ఉంటుంది కాబట్టి ఎక్కువ భాగాన్ని ఎముకే లాగేసుకుంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో బయటకు పోయే దారి సన్నబడుతుంది. అందుకే ఒకే బోరు నీళ్లు తాగిన ఇంట్లో తాతకు, మనవడికి, కిడ్నీ బాగాలేని అత్తకు ఫలితం ఒకలా ఉండదు.

ఎముకలో, పంటిలో ఉండే ఖనిజం పేరు హైడ్రాక్సీ అపటైట్. కాల్షియం, ఫాస్ఫేట్, మధ్యలో ఒక హైడ్రాక్సిల్ సీటు. ఫ్లోరైడ్ సైజు ఆ సీటుకు బాగా సరిపోతుంది. బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీ కాగానే టవల్ వేసినట్టు, అది వెళ్లి అక్కడ కూర్చుంటుంది. అప్పుడది ఫ్లోర్ అపటైట్ అవుతుంది. పంటికి ఇది లాభమే. మనం తీపి తిన్నాక నోట్లో బ్యాక్టీరియా యాసిడ్ తయారుచేస్తుంది. పీహెచ్ 5.5 కిందికి దిగితే మామూలు ఎనామిల్ కరగడం మొదలవుతుంది. ఫ్లోర్ అపటైట్ అయితే 4.5 దాకా తట్టుకుంటుంది. పైగా లాలాజలంలో కొంచెం ఫ్లోరైడ్ ఉంటే, కరిగిన ఖనిజం తిరిగి పంటి మీద చేరడం వేగంగా జరుగుతుంది. పేస్ట్ పని ఇదే, పంటి పైన తగిలి పనిచేస్తుంది. మింగాల్సిన అవసరమే లేదు.

మరి చెడు ఎక్కడ? ఒకటి, పన్ను చిగురు లోపల తయారవుతున్న వయసులో. సుమారు 8 ఏళ్ల లోపు. అప్పుడు రక్తంలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఎనామిల్ కట్టే కణాల పని చెడుతుంది. లోపల ప్రొటీన్ సరిగ్గా తొలగక, ఎనామిల్ గుల్లగా తయారవుతుంది. పన్ను బయటకు వచ్చేసరికి సుద్ద లాంటి తెల్ల మచ్చలు, అడ్డ గీతలు. ఎక్కువైతే గోధుమ రంగు మరకలు. పన్ను వచ్చాక ఎంత తోమినా పోవు, ఎందుకంటే అది మురికి కాదు, కట్టడంలోనే జరిగిన తేడా.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. మా చుట్టాల్లో ఒక చెల్లె ఉంది. ఫోన్ పైకెత్తి సెల్ఫీ అనగానే చేయి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. చిన్నప్పటి నుంచి "పళ్లు తోముకోవా?" అని అడిగిన వాళ్లే అందరూ. పొద్దున, రాత్రి రెండు పూటలా తోముకునే పిల్ల అది. ఆ మరకలు ఆమె బద్ధకం కాదు, ఆమె మూడేళ్ల వయసులో ఇంట్లో బిందెలో ఉన్న నీళ్లు. మీ క్లాసులో, మీ ఇంట్లో అట్లాంటి వాళ్లుంటే దయచేసి ఆ ప్రశ్న అడగకండి. పళ్ల డాక్టర్ దగ్గర దీనికి పైపూతలు, ఫిల్లింగ్‌లు ఉన్నాయి, రూపం చాలావరకు బాగవుతుంది. ఇంకో సంగతి, పచ్చబడ్డ పన్నల్లా ఫ్లోరోసిస్ కాదు. ఛాయ్, గుట్కా, గార వల్ల కూడా రంగు మారుతుంది. ఫ్లోరోసిస్ గీతలు సాధారణంగా కుడి ఎడమ రెండు వైపులా ఒకేలా, అడ్డంగా వస్తాయి.

రెండో చెడు ఎముకలకు. ఏళ్ల తరబడి ఎక్కువ ఫ్లోరైడ్ చేరితే ఎముక మందం అవుతుంది, కానీ బలం పెరగదు. కీళ్ల చుట్టూ ఉండే లిగమెంట్లు సున్నంలా గట్టిపడతాయి. మెడ తిరగదు, నడుం వంగదు. చివరికి వెన్నుపాము మీద ఒత్తిడి పడి కాళ్లు చచ్చుబడొచ్చు. ఆరోగ్య సిబ్బంది ఊళ్లలో చూసే మూడు చిన్న పరీక్షలున్నాయి. నిలబడి మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లు తాకడం. గడ్డాన్ని ఛాతీకి ఆనించడం. చేతులు తల వెనక్కి పెట్టుకోవడం. ఇవి రాకపోతే ఫ్లోరోసిసే అని కాదు, వయసు నొప్పులకూ రావు. కానీ ఒకే ఊళ్లో చాలామందికి రాకపోతే మాత్రం నీళ్ల వైపు చూడాలి.

ఈ విషయం మన నేల మీదే బయటపడింది, తెలుసా? మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను మొదట శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లాలో. షార్ట్ అనే డాక్టర్, ఆయన బృందం రాశారు. దర్శి, పొదిలి వైపు ఊళ్లు అవి, తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. అంతకు కొన్నేళ్ల ముందు, 1931లో, అమెరికాలో పళ్ల మీద గోధుమ మరకలకు కారణం నీళ్లలోని ఫ్లోరైడే అని తేలింది. అక్కడ కొలరాడో స్ప్రింగ్స్ ఊళ్లో ఫ్రెడరిక్ మెకే అనే పళ్ల డాక్టర్ 1901 నుంచి ఆ మరకల వెంటపడ్డాడు. వింత ఏంటంటే, ఆ మరక పళ్లు తక్కువ పుచ్చుతున్నాయని కూడా ఆయనే గమనించాడు. దాని మీదే 1945లో గ్రాండ్ ర్యాపిడ్స్ అనే ఊళ్లో తాగునీటిలో కొంచెం ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు. అంటే అక్కడ కలుపుతుంటే, ఇక్కడ మనం తీసేయడానికి తిప్పలు పడుతున్నాం. ఒకే పదార్థం, రెండు దేశాలు, తేడా లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు.

ఇక నల్లగొండ. ఆ పేరు ప్రపంచంలో రెండు రకాలుగా తెలుసు. ఒకటి బాధతో. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌ఐఎన్ శాస్త్రవేత్తలు, ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్న సంగతిని లాన్సెట్ పత్రికలో రాశారు. రెండోది, నల్లగొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసిన పద్ధతి. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం వేసి కలిపి వదిలేస్తే, పటికలోని అల్యూమినియం మబ్బు ముద్దల్లా మారి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది. ఆఫ్రికాలో టాంజానియా దాకా ఆ పేరుతోనే వెళ్లింది.

అయినా ఊళ్లకు మంచినీళ్లు రాలేదు. అప్పుడు నల్లగొండ వాళ్లు ఏం చేశారో తెలుసా? 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఒక్క సీటుకు 480 మంది పోటీలో నిలిచారు. గెలవడానికి కాదు, "మా నీళ్ల సంగతి చూడండి" అని దేశానికి చెప్పడానికి. దుశ్చర్ల సత్యనారాయణ స్థాపించిన జల సాధన సమితి దాని వెనక ఉంది. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. మన తరానికి హ్యాష్‌ట్యాగ్ ఉంది, వాళ్లకు నామినేషన్ పత్రం ఉండింది.

మర్రిగూడ మండలం శివన్నగూడెం అంశాల స్వామి పేరు మీరు వినే ఉంటారు. ఫ్లోరోసిస్ ఆయన ఒంటిని ఎదగనివ్వలేదు. ఆ ఒంటితోనే ఎక్కడెక్కడికో వెళ్లి, "నన్ను చూడండి, మా నీళ్లు ఇట్లున్నాయి" అని అడిగాడు. 2023 జనవరిలో చనిపోయాడు. ఫ్లోరైడ్ అంటే మనకు కెమిస్ట్రీ పాఠం. ఆయనకు అది జీవితం మొత్తం.

తర్వాత మిషన్ భగీరథ వచ్చింది. 2016లో మొదలై నదుల నీళ్లు, జలాశయాల నీళ్లు పైపుల్లో ఊళ్లకు వచ్చాయి. మన కామారెడ్డి జిల్లాకు శ్రీరాంసాగర్, సింగూరు నీళ్లు. నది నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువ, ఎందుకంటే అవి రాతి పగుళ్లలో ఏళ్లకేళ్లు నిలవవు. 2020లో కేంద్రం లెక్కల్లో తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు సున్నా అని చూపించారు. ఇది పెద్ద మార్పు, ఒప్పుకోవాలి. కానీ ఆ సున్నాను సరిగ్గా చదవండి. మంచినీళ్లు అందని బాధిత ఆవాసాలు లేవు అని దాని అర్థం. భూమి లోపల ఫ్లోరైడ్ పోయిందని కాదు. రాయి రాయే, బోరు బోరే. నల్లా రెండు రోజులు రాకపోతే మనం ఎక్కడికి పోతాం? "ఈ నల్లా నీళ్లు రుచి లేవు, బోరు నీళ్లే తియ్యగుంటయి" అనే తాత ప్రతి ఊళ్లో ఉంటాడు. ఫ్లోరైడ్‌కు రుచి తెలియదు, వాసన ఉండదు, రంగు ఉండదు. నాలుకతో పట్టే పరీక్ష కాదు ఇది.

ఇప్పుడు అసలు లెక్క. అమెరికా వైద్య సంస్థ పెట్టిన పై హద్దులు ఇవి: పెద్దవాళ్లకు రోజుకు 10 మిల్లీగ్రాములు, 4 నుంచి 8 ఏళ్ల పిల్లలకు 2.2, ఒకటి నుంచి 3 ఏళ్ల పిల్లలకు 1.3. ఇది కావాల్సిన మోతాదు కాదు, దాటకూడని గీత. ఇప్పుడు మే నెలలో పొలం పనికి వెళ్లే అక్కను తీసుకుందాం. ఎండకు ఐదు లీటర్లు తాగుతుంది. నీళ్లలో 1 మిల్లీగ్రాము ఉంటే రోజుకు 5. అదే 2.5 ఉంటే 12.5, గీత దాటింది. ఏసీలో కూర్చుని రెండు లీటర్లు తాగేవాడికి అదే నీళ్లతో 5 మాత్రమే. నీళ్లు ఒకటే, చెమట వేరు. వేడి దేశంలో, కష్టం చేసేవాళ్లకు ఈ జబ్బు ఎందుకు ముందు వస్తుందో ఇక్కడే తెలుస్తుంది. మూడేళ్ల పాప అదే 2.5 నీళ్లు ఒక్క లీటరు తాగితే 2.5 మిల్లీగ్రాములు. ఆమె గీత 1.3.

తాగే నీళ్లే కాదు, వండే నీళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. చాలా ఇళ్లలో తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్ తెస్తారు, అన్నానికి ఎసరు మాత్రం బోరు నీళ్లు పెడతారు. ఎసరు ఇగిరిపోయినా ఫ్లోరైడ్ ఎగిరిపోదు, అన్నంలో, పప్పులో ఉండిపోతుంది. అందుకే "నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతది" అనేది తప్పు. కాస్తే క్రిములు చస్తాయి, అది మంచిదే. కానీ లీటరుకు 2 మిల్లీగ్రాములున్న రెండు లీటర్లను కాచి ఒక లీటరు చేస్తే, ఆ లీటరులో 4 ఉంటాయి. పటిక ముక్క బిందెలో తిప్పితే సరిపోతుందని కూడా అనుకోకండి. నల్లగొండ టెక్నిక్‌లో పటిక ఎంత, సున్నం ఎంత అనేది ఆ నీళ్ల పరీక్ష చూసి లెక్క కడతారు. అందాజుగా వేస్తే ఫ్లోరైడ్ పోకపోవచ్చు, అల్యూమినియం మిగలొచ్చు. ఆర్వో ఫ్లోరైడ్‌ను బాగా తీస్తుంది, కానీ కాల్షియంను కూడా తీసేస్తుంది, పైగా మెంబ్రేన్ పాతబడితే పని తగ్గుతుంది. ఊళ్లో ప్లాంట్ నీళ్లు తెచ్చుకుంటే, పరీక్ష ఎప్పుడు చేయించారని అడగడం మీ హక్కు.

తిండి సంగతి. తేయాకు మొక్క నేలలోంచి ఫ్లోరైడ్ లాగి ఆకులో దాచుకుంటుంది. ముదురు ఆకులో ఎక్కువ. రోజుకు రెండు కప్పుల ఛాయ్‌తో పెద్ద తేడా రాదు. కానీ ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లలోనే కాచిన ఛాయ్ ఎనిమిది సార్లు తాగితే, చిన్న పిల్లలకు కూడా పోస్తే, లెక్కలో కలుస్తుంది.

జొన్నల గురించి ఒక మాట. 1970లలో ఎన్‌ఐఎన్ వాళ్లు చూసింది ఏంటంటే, అన్నం తినేవాళ్ల కంటే జొన్న తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ కొంచెం ఎక్కువ నిలుస్తోంది. దీన్ని పట్టుకుని రేపు "జొన్న రొట్టె తినొద్దు" అని ఎవరూ ఫార్వర్డ్ చేయకండి. జొన్న ఫ్లోరైడ్ తయారు చేయదు. నీళ్లు బాగుంటే జొన్న రొట్టె బంగారం.

ఇక మన పచ్చిపులుసు. ఇది నాకు చాలా ఇష్టమైన పరిశోధన. 2002లో ఎన్‌ఐఎన్ శాస్త్రవేత్తలు హాస్టల్ పిల్లలకు 18 రోజుల పాటు రోజుకు 10 గ్రాముల చింతపండు భోజనంలో ఇచ్చారు. మూత్రంలో బయటకు పోయే ఫ్లోరైడ్ పెరిగింది. మూత్రం యాసిడ్ గుణం తగ్గితే ఫ్లోరైడ్ బయటకు పోవడం పెరుగుతుందని కిడ్నీ శాస్త్రం చెప్పేదే. ఎందుకంటే యాసిడ్‌లో అది మళ్లీ హైడ్రోజన్ ఫ్లోరైడ్ అయి గోడ దాటి రక్తంలోకి తిరిగొస్తుంది. యాసిడ్ తగ్గితే చార్జ్‌తో మూత్రంలోనే ఉండిపోతుంది. కడుపులో చెప్పుకున్న రూలే ఇక్కడ తిరగబడింది. అయితే జాగ్రత్త, చింతపండు మందు కాదు. నీళ్లలో 4 మిల్లీగ్రాములు పెట్టుకుని పచ్చిపులుసు తాగితే బాగైపోదు. ముందు నీళ్లు మార్చాలి, తర్వాత తిండి తోడు.

తోడు తిండి అంటే ముందు కాల్షియం. పాలు, పెరుగు, నువ్వులు, తైదలు. తైదలు అంటే రాగులే, వంద గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంబలి తాగి, పెరుగు తిని పెరిగిన పిల్లలకు, ఏమీ లేక వట్టి అన్నం తిన్న పిల్లలకు ఒకే నీళ్లు ఒకేలా దెబ్బ కొట్టవు. నల్లగొండలో పేద ఇళ్ల పిల్లలే ఎక్కువ వంగిపోవడంలో నీళ్లతో పాటు కంచం కూడా ఉంది. అంగన్‌వాడీలో గుడ్డు, పాలు ఇస్తున్నారంటే అది చిన్న విషయం కాదు.

మధ్యలో ఒక సరదా సంగతి. డయాగ్నస్టిక్ సెంటర్‌లో షుగర్ టెస్టుకు రక్తం తీసేటప్పుడు చూడండి, బూడిద రంగు మూత ఉన్న ట్యూబ్‌లో పోస్తారు. అందులో ఉండేది సోడియం ఫ్లోరైడ్. ట్యూబ్‌లోకి వచ్చినా రక్తకణాలు బతికే ఉంటాయి, చక్కెర తింటూనే ఉంటాయి, గంటకు సుమారు 5 నుంచి 7 శాతం. ఫ్లోరైడ్ వెళ్లి ఎనొలేజ్ అనే ఎంజైమ్‌కు అడ్డం పడుతుంది. ఆ ఎంజైమ్‌కు మెగ్నీషియం కావాలి. ఫ్లోరైడ్, ఫాస్ఫేట్‌తో కలిసి ఆ మెగ్నీషియం దగ్గర బైఠాయిస్తుంది. చక్కెర విరిగే దారి మూసుకుంటుంది, మీ రిపోర్ట్ కరెక్ట్‌గా వస్తుంది. "చూశావా, ఎంజైమ్‌లనే ఆపేస్తది, విషమే కదా" అంటారేమో. ఆ ట్యూబ్‌లో ఉండే మోతాదు, నీళ్లు తాగే మన రక్తంలో ఉండేదాని కంటే వేల రెట్లు ఎక్కువ. మళ్లీ అదే ప్రశ్న: ఎంత?

ఇప్పుడు పేస్ట్. ట్యూబ్ వెనక 1000 పీపీఎం అని ఉందనుకోండి. అంటే గ్రాము పేస్ట్‌లో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్. టీవీ యాడ్‌లో చూపించినట్టు బ్రష్ నిండా అల పెడితే సుమారు ఒక గ్రాము. బఠాణీ గింజంత అయితే పావు గ్రాము, అంటే 0.25 మిల్లీగ్రాములు, అదీ మొత్తం మింగితేనే. మనం ఉమ్మేస్తాం కదా. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యం గింజంత చాలు. 3 నుంచి 6 ఏళ్ల వాళ్లకు బఠాణీ గింజంత. పక్కన నిలబడి ఉమ్మించండి. స్ట్రాబెర్రీ రుచి పేస్ట్‌ను మిఠాయిలా తినే పిల్లలుంటారు, ట్యూబ్ అందకుండా పెట్టండి. ఒకవేళ కొంచెం మింగితే పాలు తాగించండి, ఎందుకో మీకిప్పుడు తెలుసు. ట్యూబ్‌లో చాలా భాగం తినేస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మాచారెడ్డిలో ఉన్నా, ఎల్లారెడ్డిలో ఉన్నా, పేస్ట్ పారేయాల్సిన పనిలేదు. పేస్ట్ మానేసి అదే బోరు నీళ్లు తాగితే రెండు వైపులా నష్టమే: పన్ను పుచ్చుతుంది, ఎముకలో ఫ్లోరైడ్ చేరుతూనే ఉంటుంది. ట్యూబ్‌ను భయంగా చూసి, బిందెను నమ్మకంగా చూడటమే ఆ ఫార్వర్డ్ చేసే అసలు హాని.

మీరు చేయాల్సింది ఏంటి? మీ ఇంట్లో తాగడానికి, వండటానికి వాడే ప్రతి నీటి మూలాన్ని రాసుకోండి: నల్లా, బోరు, క్యాన్. శుభ్రమైన సీసాలో, గాజుది కాకుండా ప్లాస్టిక్‌ది, నీళ్లు పట్టి పరీక్షకు ఇవ్వండి. పంచాయతీ కార్యదర్శిని అడిగితే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్ ఎక్కడుందో చెప్తారు. వచ్చిన నంబర్‌ను ఇంట్లో గోడ మీద రాయండి. 1 లోపు ఉంటే హాయిగా ఉండండి. 1 నుంచి 1.5 మధ్య ఉంటే చిన్న పిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు నల్లా నీళ్లే ఇవ్వండి. 1.5 దాటితే ఆ నీళ్లు బట్టలకు, గిన్నెలకు, మొక్కలకు. తాగడానికి వద్దు, ఎసరుకు కూడా వద్దు. నల్లా రాని రోజుల కోసం రెండు బిందెలు పట్టి మూత పెట్టి ఉంచండి.

ఇంకొక్కటి. నంబర్ ఎక్కువ వస్తే ఊరి గ్రూప్‌లో భయపెట్టే మెసేజ్ పెట్టకండి. ఏ బోరు, ఏ తేదీ, ఎంత వచ్చింది, ఈ మూడే రాయండి. గ్రామసభలో ఆ కాగితం ముందు పెట్టండి. 480 మంది నామినేషన్ వేస్తే గానీ వినని రోజుల నుంచి, ఒక సీసా, ఒక రిపోర్ట్ పట్టుకుని అడిగే రోజులకు వచ్చాం. అడగడం మాత్రం మనమే అడగాలి.

వచ్చే ఎపిసోడ్‌లో అయోడిన్ ఉప్పు గురించి మాట్లాడుకుందాం, అది కూడా ఇట్లాంటి మోతాదు కథే. అప్పటిదాకా ఇంట్లో ఆ బోరు నీళ్లే తియ్యగుంటయి అనే తాతకు ఈ వీడియో చూపించండి. ఉంటా మరి, నమస్తే.